ఎనిమిది మెట్లకూ ఒకటే ప్రశ్న

మనిషి పుట్టిన దగ్గర్నుంచి ముసలితనం దాకా ఎట్లా ఎదుగుతాడో చెప్పే పట్టిక ఒకటుంది. బి.ఇడి. చదివినవాళ్ళకు అది కంఠతా వచ్చు. టెట్ రాసేవాళ్ళు శిశు వికాసం, పెడగాజీ కింద వచ్చే 30 మార్కుల కోసం బట్టీ పడతారు. ఒకవైపు వయసు, రెండోవైపు ఆ వయసులో మనసు తేల్చుకోవలసిన సంగతి. ఏడాది బిడ్డకు నమ్మకమా, అపనమ్మకమా. తప్పటడుగుల వయసులో స్వతంత్రతా, సిగ్గా. బడికి పోకముందు చొరవా, తప్పుచేశానన్న బెదురా. బడిలో శ్రమశీలతా, న్యూనతా. కౌమారంలో నేనెవరో తెలియడమా, తెలియని గందరగోళమా. యవ్వనంలో సాన్నిహిత్యమా, ఏకాకితనమా. నడివయసులో వెనక వచ్చేవాళ్ళకు ఏమైనా చేసిపెట్టడమా, ఉన్నచోటే గడ్డకట్టుకుపోవడమా. చివరికి ముసలితనంలో, బతికిన బతుకంతా ఒక్కటిగా కూడిందన్న నిండుతనమా, నిస్పృహా. ఎరిక్ ఎరిక్సన్ 1950లో తెచ్చిన 'చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ' అన్న పుస్తకంతో ఈ ఎనిమిది మెట్లు లోకానికి తెలిశాయి.

పట్టిక మీద మాకు కోపం లేదు. దాన్ని పాఠంగా చెప్పే తీరు మీదే మా తగాదా. 'నేనెవరు' అన్న ప్రశ్న అందులో ఐదో మెట్టు మీద ఉంటుంది. పన్నెండు పదమూడేళ్ళకు వస్తుంది, కొన్నేళ్ళు వేధిస్తుంది, ఏదో ఒక జవాబు దొరికాక పక్కకు తప్పుకుంటుంది. మిగతావాళ్ళకు అట్లాగే జరుగుతుందేమో. ఈ దేశంలో ముసల్మానుగా పుట్టినవాళ్ళకు ఆ ప్రశ్న ఐదో మెట్టు దాకా ఆగదు. ఐదో మెట్టు దగ్గర దిగిపోదు కూడా. పైగా అది మాలోంచి పుట్టిన ప్రశ్న కాదు. 'నేనెవరు' అని మేం అడుక్కోకముందే 'నువ్వెవరు' అని ఇంకొకరు అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ తేడా తెలియని మనస్తత్వ శాస్త్రం మా పిల్లల మనసుల గురించి తీర్పులు చెబితే మేం ఒప్పుకోం.

తేడా ఎరిక్సన్‌కు తెలుసు. అతనెవరో మన పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి కాబట్టి మేం ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి. 1902లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర పుట్టాడు. తల్లి కోపెన్‌హేగెన్ యూదు కుటుంబం ఆడపడుచు. కన్నతండ్రి ఎవరో అతనికి చివరిదాకా తెలియలేదు. పెంచిన తండ్రి యూదు డాక్టరు. పిల్లవాడేమో నీలికళ్ళు, రాగి జుట్టు. యూదుల మందిరంలో వీడు పరాయివాడన్నారు. బడిలో వీడు యూదుడన్నారు. 1933లో అమెరికా చేరి, 1939లో పౌరసత్వం వచ్చినప్పుడు ఎరిక్సన్ అన్న ఇంటిపేరు తనే పెట్టుకున్నాడు. ఎరిక్ కొడుకు ఎరిక్. తనకు తనే తండ్రి అన్నమాట. పుస్తకం వచ్చిన 1950లోనే ఇంకో సంగతి జరిగింది. తాము కమ్యూనిస్టులం కామని, విధేయులమని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టమని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన అధ్యాపకులను అడిగింది. ఎరిక్సన్ పెట్టలేదు. ఉద్యోగం వదిలేసి బర్క్‌లీ నుంచి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి టెట్ గైడ్లలో ఉండదు. దేశభక్తి పరీక్ష రాయనన్న మనిషి చేసిన పట్టికను తెచ్చి, పుట్టినప్పటినుంచీ దేశభక్తి పరీక్ష రాస్తూ ఉన్న పిల్లలను కొలుస్తున్నారు. కొలిచేవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు.

ఎరిక్సన్ చెప్పినదాంట్లో సగమే మన శిక్షణ కళాశాలలకు చేరింది. బిడ్డకు నమ్మకం కలగాలంటే అవతల నమ్మదగిన చెయ్యి ఒకటి ఉండాలి. చొరవ రావాలంటే చొరవను శిక్షించని ఇల్లూ వీధీ ఉండాలి. తానెవరో కుర్రవాడు తేల్చుకుంటే సరిపోదు, అతను తేల్చుకున్నదాన్ని చుట్టూ ఉన్న సమాజం ఔనని ఒప్పుకోవాలి. ప్రతి మెట్టుకూ రెండో కొస సమాజం చేతిలో ఉంది. మన పాఠాల్లో ఆ రెండో కొసను కత్తిరించేశారు. మిగిలింది పిల్లవాడొక్కడే. వాడు ఎక్కలేకపోతే 'సర్దుబాటు సమస్య' అని రాస్తారు, తప్పు ఇంటి వాతావరణం మీదకు తోస్తారు. ఆ ఇల్లు పాతబస్తీలోనో, ఊరి చివర తురకల వాడలోనో ఉంటే ఇక రాయడానికి ఆలోచన కూడా అక్కర్లేదు.

మాకు వికాస దశలు తెలియక కాదు ఈ మాటలు. పుట్టగానే బిడ్డ చెవిలో అజాన్ చెబుతాం. అంటే వాడి చెవిన పడే తొలి మాటల్లోనే పిలుపు ఉంది. ఏడోనాడు అఖీఖా చేసి పేరు పెడతాం. నలభై రోజులకు చిల్లా. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చదివిస్తాం, అక్షరంతో పరిచయం ఆ రోజే. 1832లో లండన్‌లో అచ్చయిన 'ఖానూనె ఇస్లాం' చూడండి. దక్కన్ వాసి జాఫర్ షరీఫ్ రాస్తే హెర్క్‌లాట్స్ అనే డాక్టరు ఇంగ్లీషులోకి మార్చాడు. ముసల్మానుల ఆచారాలను పుట్టిన క్షణం నుంచి పోయే గడియ దాకా చెబుతామని పుస్తకం ముఖపత్రమే చెబుతుంది. అంతకన్నా వెనక్కి పోతే పన్నెండో శతాబ్దపు అందలూసియాలో ఇబ్న్ తుఫైల్ రాసిన 'హయ్ ఇబ్న్ యఖ్జాన్' కథ ఉంది. మనుషులు లేని దీవిలో ఒక జింక పాలిచ్చి పెంచిన పిల్లవాడు ఏడేసి ఏళ్ళ మజిలీలుగా బుద్ధి పెంచుకుని యాభయ్యేళ్ళ మనిషి కావడమే ఆ కథ. అదృష్టవంతుడు. ఆ దీవిలో అతని పేరు అడిగేవాళ్ళెవరూ లేరు.

మా బిడ్డ పుట్టేది దీవిలో కాదు, తెలుగు ఊళ్ళో. ఆ ఊళ్ళో మొదటి మెట్టు అంత చెడ్డదేమీ కాదు, నిజం చెప్పాలి. మగ్రిబ్ నమాజు అయ్యే వేళకు మసీదు గుమ్మం దగ్గర హిందూ తల్లులు బిడ్డలను ఎత్తుకుని నిలబడతారు. జ్వరమో, దిష్టో, రాత్రుళ్ళు ఏడుపో. లోపల్నుంచి వచ్చే నమాజీలు ఒక్కొక్కరూ బిడ్డ ముఖం మీద ఊది పోతారు. ఏ మనస్తత్వ శాస్త్రవేత్తా చూడని నమ్మకం అది. పీర్ల పండుగకు నిప్పుల గుండం చుట్టూ కులమేదైనా ఊరంతా ఆడుతుంది. అదే ఊళ్ళో అన్నం తినని పిల్లవాడికి 'అదిగో సాయిబు వస్తున్నాడు, సంచిలో వేసుకుపోతాడు' అని భయం చెప్పే ఇళ్ళూ ఉన్నాయి. ఆ సాయిబుకూ ఇంట్లో అన్నం తినని పిల్లలుంటారని అనిపించనంత మామూలుగా చెబుతారు. ఒకే ఊళ్ళో ఊదే నోరూ మాదే, బూచాడి ముఖమూ మాదే. మా పిల్లలు నమ్మకాన్నీ అపనమ్మకాన్నీ ఒకేసారి నేర్చుకుంటారంటే ఆశ్చర్యమేముంది?

భాష దగ్గర సిగ్గు మొదలవుతుంది. ఇంట్లో అమ్మీ, అబ్బా, పానీ, ఖానా. బడిలో అమ్మ, నాన్న, నీళ్ళు, అన్నం. రెండు భాషలు రావడం సంపద అని మేమూ అంటాం, మా బతుకు ఆ రెండు భాషల మీదే గడిచింది. కానీ చిన్నపిల్లకు ముందు అర్థమయ్యేది సంపద కాదు, తల్లిని పిలిచే రెండు మాటల్లో ఏది ఎక్కడ దాచాలన్నది. బస్సులో 'అమ్మీ' అని గట్టిగా పిలిస్తే నాలుగు తలలు తిరుగుతాయి. తల్లి నోటిమీద వేలుపెట్టి 'అమ్మా అను' అంటుంది. ఆ వేలు చెప్పినంత పాఠం ఏ పుస్తకమూ చెప్పదు. మా దక్కనీని చూసి ఢిల్లీ, లక్నో ఉర్దూవాళ్ళు నవ్వుతారు. మా తెలుగును చూసి తెలుగు సినిమా నవ్విస్తుంది, మాటకో 'కీ' తగిలించి మాట్లాడే సాయిబు పాత్ర లేకపోతే హాస్యం పండదన్నట్టు. ఇక దూదేకుల పిల్లల సంగతి వేరు. ఇంట్లో తెలుగే. పేరు హుస్సేనయ్యో, మస్తానమ్మో. ఉర్దూ రాదు కాబట్టి మీరేం ముసల్మానులని మసీదులో మావాళ్ళే అంటారు. పేరులో హుస్సేను ఉంది కాబట్టి మీరు ముసల్మానులేనని బయటివాళ్ళంటారు. ఎరిక్సన్ చిన్నప్పుడు పడ్డ బాధ అచ్చం ఇదే. అతను పట్టిక గీశాడు. మా దూదేకుల పిల్లవాడి చేతికి పట్టిక గీసే పెన్సిల్ ఎవరూ ఇవ్వలేదు.

మెట్లు కట్టినవాళ్ళు ఎవరిని చూసి కట్టారన్న ప్రశ్న మేం కొత్తగా వేస్తున్నది కాదు. పియాజే తన సొంత బిడ్డలు ముగ్గురిని గమనించి చాలా రాశాడు. నైతిక వికాసానికి ఆరు మెట్లు చెప్పిన కోల్‌బర్గ్ ముందుగా ప్రశ్నలడిగింది చికాగో ప్రాంతపు 72 మందిని. అందరూ మగపిల్లలే. ఆ కొలబద్దతో కొలిస్తే ఆడపిల్లలు తక్కువ మెట్టు మీద ఆగిపోయినట్టు కనబడుతున్నారే, తప్పు ఆడపిల్లలదా కొలబద్దదా అని 1982లో కరోల్ గిల్లిగన్ అడిగింది. మన దగ్గర ఆ ప్రశ్నను దళితులు అడిగారు. బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చుని, ఎవరో పోస్తే తప్ప నీళ్ళు తాగలేని పిల్లవాడు అంబేడ్కర్ అయ్యాడు. ఆ గోనెపట్టా ఏ వికాస దశలో వస్తుంది? స్త్రీలు అడిగారు, దళితులు అడిగారు. ఇప్పుడు మేం అడుగుతున్నాం.

భారతీయుల బాల్యం గురించి మన మనోవిశ్లేషకులు రాయలేదా అంటే రాశారు. సుధీర్ కాకర్ ఎరిక్సన్‌కు శిష్యుడు. 1978లో 'ది ఇన్నర్ వరల్డ్' రాశాడు. భారతదేశంలో బాల్యం, సమాజం అన్నది దాని విషయమని అట్టమీదే ఉంటుంది. లోపల ఉన్నది ప్రధానంగా హిందూ బాల్యం. తల్లి ఒడి, ఉమ్మడి కుటుంబం, పురాణాలు, కృష్ణుడు. మంచి పుస్తకమే, చదవాలి కూడా. అందులో మా చిల్లా లేదు, బిస్మిల్లా లేదు. సరే, ఒక మనిషి అన్నీ రాయలేడు. అయితే అదే రచయిత 1990ల నడుమ 'ది కలర్స్ ఆఫ్ వయొలెన్స్' రాసినప్పుడు మేం వచ్చాం. 1990 డిసెంబర్ హైదరాబాద్ మతకల్లోలాల మీద పుస్తకం అది. పాతబస్తీకి వచ్చాడు, మావాళ్ళతో కూర్చున్నాడు, ఓపికగా విన్నాడు, కాదనం. కానీ చూడండి, మేం మనస్తత్వ శాస్త్రంలోకి పుట్టుక ద్వారా రాలేదు. కర్ఫ్యూ ద్వారా వచ్చాం. మాకు బాల్యం ఉందని ఎవరికీ గుర్తుకు రాకముందే మాకు హింస ఉందని గుర్తుకొచ్చింది. కోల్పోయిన వైభవం తలచుకుని దక్కన్ ముసల్మాను కుమిలిపోతాడని ఒక సిద్ధాంతం కూడా పుట్టింది. ఎవరి వైభవం? దూదేకేవాడికి ఏ దేవిడీ ఉండేది? రిక్షా తొక్కేవాడి తాత ఏ నవాబు? 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య తర్వాత మరఠ్వాడాలోనూ, పక్క జిల్లాల్లోనూ చచ్చినవాళ్ళలో జాగీర్దారులెందరు, మామూలు పల్లెటూరి ముసల్మానులెందరు? 27 వేల నుంచి 40 వేల మంది పోయి ఉంటారని లెక్కగట్టిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. మా ముసలివాళ్ళ మౌనాన్ని వైభవం మీద బెంగ అనుకున్నవాళ్ళు, అది భయం కావచ్చని ఎందుకు అనుకోలేదు?

బడి మెట్టు దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు కాబట్టి. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడి మొహమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారు అని 2006లో సచార్ కమిటీ చెప్పింది. మదర్సాల వల్లే ఇట్లా అన్నవాళ్ళకూ ఆ కమిటీయే జవాబిచ్చింది. మదర్సాలకు పోయేది కొద్దిమంది పిల్లలేనని లెక్క చూపింది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని రాజ్యాంగం 350 ఎ అధికరణంలో 1956లోనే రాసుకున్నాం. ఉర్దూ మీడియం బడికి పోయి చూడండి, ఒక టీచరు, అయిదు తరగతులు. పై తరగతులు లేవు, ఉన్న టీచరు రిటైరైతే ఆ పోస్టు నిండదు. ఇట్లాంటి బడిలో శ్రమశీలతా న్యూనతా అని పిల్లవాణ్ణి అడగడం ఏం న్యాయం?

టీచర్లున్న బడి సంగతి కూడా చెప్పుకోవాలి. 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక ప్రైవేటు బడి టీచరు, ఎక్కం అప్పజెప్పలేదని ఏడేళ్ళ ముస్లిం పిల్లవాణ్ణి నిలబెట్టి, తరగతిలో పిల్లలను ఒక్కొక్కరినే లేపి వాడి చెంపమీద కొట్టించింది. వీడియో దేశమంతా చూసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. దెబ్బలు తిన్న పిల్లవాడికి మానసిక నిపుణులతో కౌన్సెలింగ్ ఇప్పించమని కోర్టు చెప్పింది. అక్కడితో ఆగలేదు. కొట్టిన పిల్లలకు కూడా ఇప్పించమంది. మాకు ఆ రెండో మాట ముఖ్యం. దెబ్బ తిన్న చెంప గురించి మేం ఎప్పటినుంచో చెబుతున్నాం. కొట్టడానికి లేచిన ఆ ఏడేళ్ళ చెయ్యి ఏ మెట్టు మీద ఉంది, దాని వికాసం ఏమవుతుంది అన్నది మీ ఇంటి ప్రశ్న. అమెరికాలో 1940లలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మా నల్ల బొమ్మా పెట్టి, వీటిలో మంచిది ఏదో చూపించమన్నారు. ఎక్కువమంది తెల్ల బొమ్మనే చూపించారు. వేరుపెట్టిన బడులు చెల్లవని 1954లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు ఆ పరిశోధనా పక్కన ఉంది. మన బి.ఇడి. కళాశాలల్లో ఇన్ని ఎం.ఇడి.లు, ఇన్ని పిహెచ్.డి.లు వస్తున్నాయి గదా, టోపీ ఉన్న బొమ్మా లేని బొమ్మా మన తెలుగు పిల్లల ముందు పెట్టి అడగాలని ఎంతమందికి తోచింది? ముస్లిం పిల్లలను ఒక్కళ్ళనే అడగొద్దు. అందరినీ అడగండి.

ఇక కౌమారం. ఇక్కడ మేం మా ఇంటివైపు తిరిగి మాట్లాడాలి. బయటివాళ్ళను నాలుగు మాటలంటే చప్పట్లు కొట్టే పెద్దలు ఈ నాలుగు మాటలూ వినాలి. కౌమారం అన్నది తిండికి లోటు లేని ఇళ్ళల్లో దొరికే వస్తువు. మా మగపిల్లవాడు పన్నెండేళ్ళకు మెకానిక్ షాపులో చేరితే మర్నాటికి పెద్దవాడైపోతాడు. నేనెవరని అడుక్కునే తీరిక లేదు, లోకం 'పంక్చర్‌వాలా' అని జవాబు సిద్ధంగా పెట్టింది. ఆడపిల్ల సంగతి అంతకన్నా అన్యాయం. ఎనిమిదో తరగతి అయిందంటే హైస్కూలు దూరమని, రోజులు బాగాలేవని, సంబంధం వచ్చిందని కూర్చోబెడతాం. బాల్యం మీదనుంచి ఎత్తి నేరుగా కాపురంలో దించుతాం. మధ్యలో మెట్టే లేదు. 1991లో పదేళ్ళు దాటీదాటని హైదరాబాదీ పిల్లను అరవయ్యేళ్ళ సౌదీ వరుడు పెళ్ళాడి విమానంలో తీసుకుపోతుంటే, ఏడుస్తున్న పిల్లను చూసి ఆపింది ఒక ఎయిర్‌హోస్టెస్. ఆ నిఖా చదివిన ఖాజీ ఆపలేదు, సాక్షి సంతకాలు పెట్టిన పెద్దలు ఆపలేదు. పేదరికం అన్నాం. పేదరికమే. పేదరికం మగపిల్లవాణ్ణి అమ్మలేదు గదా. అభద్రత పేరు చెప్పి ఆడపిల్ల కౌమారాన్ని మింగేసిన మేం, మా అస్తిత్వం గురించి మాట్లాడేటప్పుడు ఆమె అస్తిత్వాన్ని ఎక్కడ పెడుతున్నాం?

2022లో కర్ణాటకలో ఆ ఆడపిల్లే కాలేజీ గేటు దగ్గర నిలబడింది. హిజాబ్ తీసి రమ్మంది ప్రభుత్వం. మార్చిలో హైకోర్టు ప్రభుత్వం వైపు తీర్పు చెప్పింది, అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా చెప్పారు. టీవీల్లో మౌలానాలు మాట్లాడారు, స్త్రీవాదులు మాట్లాడారు, హిందూత్వవాదులు అరిచారు. మాకు ఆ గుడ్డ మీద ఒకే అభిప్రాయం లేదు. మాలో వద్దనేవాళ్ళున్నారు, వేసుకునేవాళ్ళున్నారు. కానీ పదహారు పదిహేడేళ్ళ పిల్లలు మైకు ముందు నిలబడి 'చదువూ కావాలి, ఇదీ కావాలి' అని తమ నోటితో చెప్పడం మేం చూశాం. పట్టికలో ఐదో మెట్టు అంటే అదే. తాను తేల్చుకున్నదాన్ని లోకానికి చెప్పడం. ఆమె చెప్పింది. అవతలి కొస పట్టుకున్నవాళ్ళు గేటు మూశారు. కొందరు పిల్లలు పరీక్షలు వదులుకున్నారు. కాలేజీకి పోయే పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడానికి మా ఇంటి పెద్దలు ఇన్నాళ్ళూ వెతికిన సాకును ప్రభుత్వమే చేతికిచ్చింది.

లౌకిక మిత్రులు ఇక్కడ ఒక మాట అంటారు. పేద హిందూ పిల్లవాడికి మాత్రం కౌమారం ఉందా, వర్గదృష్టితో చూడండి, మతం పేరుతో విడిగా ఎందుకు ఏడుస్తారు అని. మిత్రులే కాబట్టి జవాబు చెబుతున్నాం. ఆకలి ఇద్దరికీ ఒకటే. కానీ అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు, డబ్బుల లెక్క కుదిరాక, ఇంటావిడ చివర్న 'పేరేంటన్నారు?' అని అడుగుతుంది చూశారా, ఆ ప్రశ్న వర్గం అడిగింది కాదు. బ్యాంకు బ్యాలెన్సు ఉన్న మా డాక్టర్లను కూడా ఆ ప్రశ్న వదలలేదు. ఆరో మెట్టు సాన్నిహిత్యం అన్నారు. పక్క పక్క వాటాల్లో ఉండి, కూరగిన్నెలు మార్చుకుంటే గదా సాన్నిహిత్యం. ఇళ్ళు వేరైపోయి, వాడలు వేరైపోయి, ఇక మాదగ్గర మీకు, మీదగ్గర మాకు దొరికేది పండగనాటి ఖీర్ డబ్బా, పత్రికలో మతసామరస్యం ఫోటో. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో రాసిన దీర్ఘకవితకు 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టాడు. పేరే చాలు. పుట్టుమచ్చ ఒక దశలో వచ్చి ఇంకో దశలో పోయేది కాదు. ఆ కవిత వచ్చినప్పుడు ఇది మతతత్వం కాదా అని కొందరు అభ్యుదయ మిత్రులు సందేహపడ్డారు. మచ్చ వేసినవాణ్ణి వదిలేసి మచ్చ చూపించినవాణ్ణి అడగడం మీకూ అలవాటే అన్నమాట.

యవ్వనం ఏమవుతుందో హైదరాబాద్‌కు తెలుసు. 2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. చచ్చినవాళ్ళు ముసల్మానులు. తర్వాత పోలీసులు పట్టుకుపోయినవాళ్ళూ ముసల్మాను కుర్రాళ్ళే. పాతికేళ్ళు నిండని వయసు. ఉద్యోగాలు, చదువులు, కుదిరిన పెళ్ళిళ్ళు మధ్యలో ఆగిపోయాయి. చిత్రహింసలు పెట్టారని కుర్రాళ్ళు చెప్పారు. మైనారిటీస్ కమిషన్ నియమించిన న్యాయవాది విచారించి నివేదిక ఇచ్చారు. కోర్టుల్లో నిర్దోషులుగా తేలారు. నాలుగేళ్ళు గడిచాక అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నష్టపరిహారం ప్రకటించింది, దానితో పాటు సత్ప్రవర్తన పత్రం కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. డబ్బు సంగతి అట్లా ఉంచుదాం. ఆ పత్రం గురించి ఆలోచించండి. 'ఇతను మంచివాడు' అని ప్రభుత్వం ముద్రవేసి ఇస్తే జేబులో పెట్టుకుని తిరగవలసిన పాతికేళ్ళవాడి మనసు ఏ గడిలో రాస్తారు? నేనెవరన్న ప్రశ్నకు ఇన్నాళ్ళకు దొరికిన జవాబు అది, తెలుగులోనో ఇంగ్లీషులోనో టైపు చేసి, సంతకంతో.

నడివయసు గురించి మేం ఎక్కువ చెప్పలేం, ఆ వయసులోనే ఉన్నాం గనక. ఏడో మెట్టు మీద మనిషి వెనక తరానికి ఏదో ఒకటి అందించాలంటాడు ఎరిక్సన్. మేం అందిస్తున్నది జాగ్రత్తలు. రైల్లో ఫోనెత్తి సలాం చెప్పకు. క్రికెట్ చూసేటప్పుడు ముందు ఎవరు చప్పట్లు కొడతారో చూసి కొట్టు. గొడవ జరిగిన చోట నిలబడకు, నువ్వు చేసింది కాకపోయినా పేరు అడుగుతారు. వాట్సాప్‌లో వచ్చింది ఎవరికీ పంపకు. టిఫిన్ డబ్బాలో ఏముందో చెప్పకు. ఏ తండ్రీ ఇష్టంగా ఇచ్చే ఆస్తి కాదు ఇది. నేర్పకపోతే పిల్లవాడికి ప్రమాదం, నేర్పితే వాడి చొరవను మా చేతులతోనే నలిపినట్టు. ఇంట్లో ఇంకో గొంతు కూడా వినబడుతుంది, బడికి ఎందుకు, జమాత్‌కు పంపు, దీన్ నేర్చుకుంటే చాలు అని. లోకం తలుపు మూసిందని మేం కూడా లోపలినుంచి గడియ పెట్టుకోవడం అది. దాన్ని ధర్మం అనుకునేవాళ్ళతో మాకు తగాదా ఉంది, ఉంటుంది.

ఎనిమిదో మెట్టు మీద మనిషి వెనక్కి చూసుకుంటాడు. బతికింది సార్థకమేనా అని. మా ముసలివాళ్ళకు ఆ తీరిక కూడా ఇవ్వలేదు. అస్సాంలో 2019 ఆగస్టు 31న వచ్చిన పౌర జాబితాలో 19 లక్షల పైచిలుకు మందికి చోటు లేకపోయింది. అందరూ ముసల్మానులు కాదు, హిందువులూ ఉన్నారు. కానీ ఆ డిసెంబర్‌లోనే పౌరసత్వ సవరణ చట్టం వచ్చి, పక్క దేశాలనుంచి వచ్చినవాళ్ళలో ఏ మతాలవాళ్ళకు తలుపు తెరవాలో పేర్లు రాసింది. ఆ పేర్లలో మా పేరు లేదు. 2020 ఫిబ్రవరిలో ఆ భయం మా హైదరాబాద్‌కు ఉత్తరం రూపంలో వచ్చింది. ఆధార్ సంస్థ కార్యాలయం 127 మందికి నోటీసులు పంపింది, వచ్చి పౌరసత్వం రుజువు చేసుకోమని. తర్వాత పౌరసత్వంతో ఆధార్‌కు సంబంధం లేదని, తప్పుడు కాగితాల మీద విచారణ మాత్రమేనని వివరణ ఇచ్చారు. వివరణ పత్రికల్లో వచ్చింది. పాతబస్తీలో మాత్రం జనం పెట్టెలు తెరిచి, తాతల కాలం రేషన్ కార్డులు, చినిగిన కిరాయినామాలు, నిఖానామాలు ఎండలో పరిచి అతికించుకుంటూ కూర్చున్నారు.

ఆ చలికాలం ఢిల్లీ షాహీన్‌బాగ్‌లో రోడ్డు మీద కూర్చున్నవాళ్ళలో ముసలమ్మలున్నారు. వాళ్ళలో 82 ఏళ్ళ బిల్కిస్ దాదీ ఒకరు. 2020లో 'టైమ్' పత్రిక ఆమెను ప్రపంచంలో ప్రభావం చూపిన వందమందిలో చేర్చింది. మనవలకు కథలు చెప్పుకోవలసిన వయసులో ఆమె కొత్తగా నేర్చుకుంది, నినాదం ఇవ్వడం. ఎరిక్సన్ పోయాక అతని భార్య జోన్ ఎరిక్సన్ 1997లో, తొంభయ్యేళ్ళు దాటిన వయసులో, ఆ పట్టికకు తొమ్మిదో మెట్టు ఒకటి చేర్చింది. బాగా వయసు మీదపడ్డాక మొదటి మెట్టు మీది నమ్మకం, అపనమ్మకం మళ్ళీ వచ్చి ఎదురుగా నిలబడతాయని రాసింది. ఆమె చెప్పింది తడబడే కాళ్ళ గురించి, మరిచిపోయే బుర్ర గురించి.

మా దాదీమాలకు మాత్రం ఆ మొదటి మెట్టు కౌంటరు దగ్గర ఎదురవుతుంది. పుట్టిన తేదీ ఎంత, పుట్టిన ఊరేది, అమ్మానాన్నలు ఎక్కడ పుట్టారు. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. ఆమె పుట్టింది అంతకు చాలా ముందు, మంత్రసాని చేతిలో, ఏ కాగితమూ లేకుండా. పీర్ల పండుగకు రెండు రోజుల ముందు పుట్టావని తల్లి చెబితే అదే ఆమెకు తెలిసిన తేదీ. మంత్రసాని మాదిగామె అట. బొడ్డు కోసి మట్టిలో పాతింది కూడా ఆమేనట. ఆ మట్టి ఏ ఊరిదో మా దాదీమా చెప్పగలదు. ఏ చెట్టు కిందో కూడా చెప్పగలదు. రుజువు కావాలన్నవాళ్ళు గడ్డపార తెచ్చుకోవాలి.